వడియాల మధ్య లెన్సు

ఆ రోజుల్లో మాకు ప్రమాదం అంటే శుక్రవారం సాయంత్రం ఆరింటికి మేనేజరు మన కుర్చీ వైపు నడిచి రావడం. అంతకు మించి భయపడాల్సినవి లోకంలో ఉంటాయని తెలియని వయసు. అందుకే ఆ ఆదివారం మిట్టమధ్యాహ్నం, అల్వాల్‌లో మా పెద్దమ్మ వాళ్ళ హాల్లో చాప మీద పడుకున్న నాకు వడియం వేగుతున్న కమ్మటి వాసన తగిలితే ముందు నోరూరింది. తర్వాత తలెత్తి వంటింట్లోకి చూశాను. పొయ్యి ఆర్పేసి ఉంది. మూకుడు బోర్లించి ఉంది. పెద్దమ్మ నా పక్కనే కునుకు తీస్తోంది. వాసనేమో మెట్ల మీంచి దిగి వస్తోంది. ఒక్క ఉదుటున లేచాను. డాబా మీద వడియాల మధ్య ఏం పెట్టి వచ్చానో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు మరి.

అప్పటికి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర. మాది విజయనగరం వైపు కాబట్టి పెద్దమ్మ ఇంట్లో ఉండి ఆఫీసు క్యాబులో తిరిగేదాన్ని. ఆఫీసులో సగం మంది మెడలో ఐడీ కార్డు వేలాడితే, మిగతా సగం మంది మెడలో కెమెరా వేలాడేది (కొందరికి రెండూ, వాళ్ళు టీమ్ లీడర్లు). నేనూ ఒకటి కొన్నాను, షాపులో అన్నిటికంటే చవకది. దాంతో పాటు వచ్చిన లెన్సుని పెద్దనాన్న గోటితో తట్టి, "ప్లాస్టిక్కా?" అన్నారు, పెళ్ళికొడుక్కి ఉద్యోగం లేదని అప్పుడే తెలిసినవాళ్ళ గొంతుతో.

పెద్దనాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి. ఇనుముకి తప్ప దేనికీ మర్యాద ఇచ్చేవారు కాదు. ఆయన పాత ఫిల్మ్ కెమెరా ఎప్పుడో పాడైపోయింది కానీ, దాని లెన్సుని మాత్రం పెద్దమ్మ జాకెట్టు గుడ్డలో చుట్టి, కలరా ఉండలు వేసి, ట్రంకు పెట్టెలో దాచారు. నేను ఇంటర్నెట్లో వెతికి ఓ రింగు తెప్పించాను. అది మధ్యలో పెడితే ఆ పాత లెన్సు నా కెమెరాకి భేషుగ్గా బిగిసింది. కెమెరా మాత్రం ఒప్పుకోలేదు. లెన్సు లేదని తెర మీద రాసి చూపించింది.

"లేదంటోంది పెద్దనాన్నా."

"అంత ఇనుము మొహానికి తగిలించుకుని లేదంటుందా? కళ్ళు కనపడవా దీనికి?"

మెనూలన్నీ వెతికి దాని నోరు మూయించాను. ఆయన లెన్సు మీది ఫోకస్ రింగు తిప్పుతూ కెమెరాలోంచి గోడ గడియారాన్ని చూశారు, కుక్కర్ని చూశారు, నన్ను చూశారు. చివరికి మెల్లగా ఒక మాట అన్నారు. ఈ లెన్సుతో పెళ్ళిళ్ళు తీశారట, పిల్లల్ని తీశారట, రైలింజన్లు తీశారట. పెద్దమ్మ ఫొటో ఒక్కటి కూడా సరిగ్గా పడలేదట. ఆయన రింగు తిప్పి తిప్పి నొక్కేలోపు ఆవిడ "పోపు మాడిపోతోంది" అని లేచిపోయేదట. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన దగ్గరున్నవన్నీ మసకగా వంటింట్లోకి వెళ్ళిపోతున్న పెద్దమ్మలే. "ఒక్కటి స్పష్టంగా రావాలి తల్లీ. దీంతోనే." ఆ 'దీంతోనే' అన్న తీరు చూసి మాటిచ్చేశాను.

మర్నాటినుంచి పెద్దమ్మ వెంట పడ్డాను. ఫోకస్ చేతితో తిప్పుకోవాలి, ఊపిరి బిగపట్టాలి. నేను ఊపిరి బిగపట్టినంతసేపూ పెద్దనాన్న కూడా బిగపట్టేవారు. ఇంత చేసినా పెద్దమ్మ చెవి స్పష్టంగా, ముఖం మసగ్గా వచ్చేది. అంతకంటే ఘోరం, అన్నీ పసుప్పచ్చగా వచ్చేవి. పక్కింటి అత్తమ్మ కంప్యూటర్లో చూసి నోరు నొక్కుకుంది. "ఏందమ్మా గిట్లున్నవ్? కామెర్లు గిట్ల వచ్చినయా? జెర పసరు తాగు, పరేషాన్ గాకు." పెద్దమ్మ అద్దం దగ్గరికి పరుగెత్తి కనురెప్పలు లాగి చూసుకుంది. రెండ్రోజులు ఇంట్లో నూనె లేదు, తాలింపు లేదు. అందరికీ మజ్జిగన్నమే (జబ్బు లెన్సుది, పథ్యం మాది).

లెన్సు పసుపెక్కిందని పెద్దనాన్నకి చెప్పడానికి మనసొప్పలేదు. ఇంటర్నెట్లో ఎవరో మహానుభావుడు మందు రాశాడు: కొన్ని పాత లెన్సుల గాజు వయసుతో పచ్చబడుతుంది, రోజుల తరబడి ఎండలో పెడితే తేటపడుతుంది. ఆ కింద ఇంకా ఏవో జాగ్రత్తలు రాసి ఉన్నాయి. ఆఫీసులో వచ్చే డాక్యుమెంట్లలాగే దాన్నీ సగం వరకే చదివాను. ఆదివారం పొద్దున్న డాబా మీద చూస్తే ఎండ బాగా తగిలేదీ, కాకులు రానిదీ ఒకే ఒక్క చోటు. పెద్దమ్మ వంగపండు రంగు పాత చీర పరిచి, గుమ్మడి వడియాలు పెట్టి, కాకులకి బెదురుగా కర్రకి నల్లగుడ్డ కట్టిన చోటు. అక్కడే, వడియాల మధ్య, మూతలు రెండూ తీసి, కింద గాలాడాలని రెండు చెక్కముక్కల మీద లెన్సుని నిలబెట్టి వచ్చాను. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చి, సైన్సులో నూటికి తొంభై తెచ్చుకున్న పిల్లని నేను!

పైకి వెళ్ళేసరికి లెన్సు కింద సన్నగా పొగ లేస్తోంది. ఒక వడియం నల్లగా, దాని పక్కది ఎర్రగా ఉన్నాయి. చీరలో నిప్పు అంచుతో ఒక కన్నం, చూస్తూండగానే పెద్దదవుతోంది. "పెద్దనాన్నా!" అని నేను పెట్టిన కేకకి ఆయన తుండుగుడ్డతో, ఆవిడ చెంబు నీళ్ళతో వచ్చారు. నీళ్ళు పడేలోపు ఆయన చేతులు లెన్సు మీద పడ్డాయి. తుండుగుడ్డలో పెట్టి, తిప్పి, వెలుగుకి పట్టి చూశారు. నేను ఏడుపు మొదలెట్టాను. "పచ్చగా అయిపోయింది పెద్దనాన్నా, బాగుచేద్దామని..."

"నాకు తెలీదా? నా కళ్ళూ పచ్చబడ్డాయి, వాటినీ ఆరబెడతావా?" అన్నారు నవ్వుతూ. "గాజు బాగానే ఉంది."

అప్పటికి పెద్దమ్మ వడియాలు దులిపి, చీర రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. కన్నం అరచేయంత ఉంది. అందులోంచి మమ్మల్ని చూస్తూ మొదలెట్టింది. "ఏటే ఇది? సదువుకున్నదానివేనా? కాకిని తోలడానికి కర్ర కట్టాను, నిన్ను తోలడానికి ఏటి కట్టను? ఈయనగారొకరు, ఇల్లు తగలబడుతుంటే గాజు బాగుందంట..."

పెద్దనాన్న నా చెవిలో అన్నారు, "కెమెరా పట్టుకురా. పరిగెత్తు."

పరిగెత్తి తెచ్చాను. పెద్దమ్మ ఇంకా అక్కడే ఉంది. ఫొటోకి ఏనాడూ నిలబడని మనిషి, తిట్టడానికి కదలకుండా నిలబడింది. తిట్లు అప్పటికి తన పెళ్ళినాటి సంగతుల దాకా వెనక్కి వెళ్ళాయి, మళ్ళీ ఈ రోజు దాకా రావడానికి చాలా టైముంది. పెద్దనాన్న తీరిగ్గా లెన్సు బిగించారు. తీరిగ్గా రింగు తిప్పారు. ఇద్దరం ఊపిరి బిగపట్టాం.

కాలిన చీర కన్నంలోంచి ఒక కన్ను, సగం బొట్టు, ముక్కుపుడక, తిట్టబోతూ నవ్వొచ్చేసిన పెదవి చివర. రెప్పవెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. పసుపు ఛాయ అలాగే ఉంది. పెద్దనాన్న ఆ చిన్న తెరకేసి చూస్తూ ఎండలోనే కూర్చుండిపోయారు. పెద్దమ్మ ఆయన భుజం మీంచి వంగి చూసి, "ముక్కుపుడక బాగానే పడింది" అంది. ఆ సాయంత్రం చేసిన పులుసులో తాలింపు కూడా పడింది.

పోయినేడు ఆ లెన్సుని పెద్దనాన్న తన చేత్తోనే నాకిచ్చేశారు. అప్పటికే కరెంటు ప్లగ్గులకి టేపులు అంటించి, కుర్చీ మూలలకి స్పాంజి కట్టి, పిల్లలు తుమ్మితే థర్మామీటరు వెతికే తల్లినయ్యాను నేను. మొన్న సాయంత్రం పిల్లలిద్దరూ గోడ మీది ఆ ఫొటో కథంతా నా చేత చెప్పించుకుని, "మేమూ ఒక వడియం కాలుస్తాం" అన్నారు. గబగబా లెన్సుని బీరువా పై అరలో దాచేశాను. పడుకున్నాక నిద్ర పట్టలేదు. భయమంటే తెలియని ఆ పిల్ల ఎప్పుడు వెళ్ళిపోయిందో, వెళ్ళేటప్పుడు నాతో ఒక్క మాటైనా చెప్పలేదే అనుకున్నాను.

నిన్న పొద్దున్న పిల్లల్ని లేపి చెప్పాను. "బకెట్టు నిండా నీళ్ళు పట్టి డాబా మీద పెట్టండి. చెప్పులేసుకోండి. వడియం నేను తెస్తాను. మొదటిది మాత్రం నేనే కాలుస్తా."