ఆల్బెర్టా టోపీకి ఒక తల

“దాన్ని ముట్టుకోకమ్మా. అది ఆల్బెర్టాది,” అంటూ ఎర్నెస్టీన్ అత్త, బేరానికి వచ్చిన ఆవిడ చేతిలోంచి ఊదారంగు టోపీని లాక్కుంది.

“అమ్మకానికి పెట్టి ముట్టుకోవద్దంటే ఎలా అత్తా?”

“నీది ఏ చర్చి?”

“ఇదే, మన వీధి చివరది.”

“అదే మరి. రేపు ఇది పెట్టుకుని వెళ్ళు, ఆడవాళ్ళంతా పాట ఆపేసి ఆల్బెర్టా లేచొచ్చిందంటారు. నీకెందుకా గోల?”

ఆవిడ నవ్వి, పక్క బల్ల మీద చిలగడదుంపతో చేసిన తీపి ‘పై’ ఒకటి కొనుక్కుని వెళ్ళిపోయింది. అత్త నవ్వలేదు.

మెంఫిస్‌లో మా పేట కిరాణా కొట్టు మూతబడ్డాక, దాని ముందు కార్లు నిలిపే జాగాలో ఈ శనివారం అంగడి పెట్టించింది అత్తే. సబ్బులు కాచేవాళ్ళనీ, డోళ్ళు బిగించేవాళ్ళనీ ఇంటింటికీ వెళ్ళి బతిమాలింది. నల్లవాళ్ళు చేసింది నల్లవాళ్ళే అమ్మాలి, అదొక్కటే షరతు. అందరికంటే ముందు బల్ల వేసింది ఆల్బెర్టా. మొన్న చలికాలంలో పోయింది.

ఆదివారం ఆడవాళ్ళు చర్చికి పెట్టుకెళ్ళే ఈకల టోపీలు కుడుతుంది అత్త. ఒకే చర్చిలో ఇద్దరికి ఒకే రకం టోపీ ఏనాడూ అమ్మలేదు. ఆ పట్టుదలే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. పెట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. పారేయడానికి చేతులు రాక కూతుళ్ళు ఆ టోపీలు తెచ్చి అత్తకే ఇస్తున్నారు. ఏది ఎవరిదో పేటంతటికీ తెలుసు కాబట్టి ఎవరూ కొనరు.

ఇక అత్త బల్ల కూడా ఉండదు. జాగా అమ్ముడైపోయింది. సోమవారం కంచె వేస్తారు.

“ఇంటికి తీసుకుపోరాదూ?” అన్నాను.

“ఉన్నది ఒంటి గది. మంచం మీద ఇవి పడుకుంటే నేనెక్కడ పడుకోను, నీ నెత్తి మీదా?”

“మ్యూజియం వాళ్ళు అడిగారటగా?”

“అద్దాల పెట్టెలో పెడతారట! పెట్టెకోసం కుట్టానా నేను? తల మీద పెట్టుకుని దేవుడి ముందు నిలబడతారని కుట్టాను.” టోపీ మీది ఈకను వేలితో సరిచేసింది. “కంచె పడ్డాక వీటిని చెత్తబండి ఎత్తుకుపోతుంది. నేను చూస్తుండగానే.”

ప్రతి ఆదివారం నేను వ్యాన్‌లో పెద్దవాళ్ళను నది దాటించి పక్క రాష్ట్రం ఆర్కన్సాలోని చర్చికి తీసుకువెళ్తానని అత్తకు తెలుసు. ఆల్బెర్టా టోపీని నా చేతుల్లో పెట్టింది.

“అవతల ఆల్బెర్టాని ఎరిగినవాళ్ళు లేరు. తలెత్తి నడిచే మనిషిని చూసి ఇవ్వు నాన్నా. డబ్బు అడగొద్దు. ఎక్కడిదని అడిగితే మా అంగడిదని చెప్పు. సీటు కింద మాత్రం తోసెయ్యకు, ఎవరి ఒళ్ళోనైనా పెట్టి తీసుకెళ్ళు.”