కౌసల్యమ్మ సాంబ్రాణి

నాచారంలో మా వీధి పిల్లలందరి నెత్తిమీదా కౌసల్యమ్మ చెయ్యి ఉంది. ఆశీర్వాదం అనుకునేరు, తలంటు. పిల్లను చాచిన కాళ్లమీద బోర్లా వేసుకుని, నూనె పట్టించి, శనగపిండితో రుద్ది, వేణ్ణీళ్లు పోసి, చివర సాంబ్రాణి పొగ వేస్తుంది. పిల్ల గుక్కపట్టి ఏడిస్తే కన్నతల్లి గోడ పట్టుకుని నిలబడాలి గానీ ఆవిడకు చీమ కుట్టినట్టయినా ఉండదు. "ఏడ్వనియ్ బిడ్డా, ఊపిరి తెరుసుకుంటది" అంటుంది. జనగామ అవతలి పల్లె నుంచి మొగుడి వెంట ఇక్కడి ఫ్యాక్టరీల కోసం వచ్చింది. మొగుడు పోయాడు, ఫ్యాక్టరీ మూతపడింది, కౌసల్యమ్మ మిగిలింది.

ఆవిడ పేరుప్రఖ్యాతులన్నీ ఆ పొగలోనే ఉన్నాయి. వీధి వీధంతా గ్యాస్ పొయ్యిలకు మారాక నిప్పులు ఎవరింట్లో ఉంటాయి? అందుకని తన ఇంటి నుంచే మట్టి మూకుట్లో నిప్పులు పట్టుకొచ్చేది. మూకుడు మీద గంప బోర్లించి, దానిమీద పిల్ల జుట్టు పరిచి ఆరబెట్టేది. ఇంట్లో మేం ఒకరికొకరం కనపడనంత పొగ నిండితే ఆ వారం స్నానం బాగా జరిగినట్టు లెక్క.

మా అమ్మాయి గీతికకు మూడేళ్లు వచ్చినా ఆదివారం తలంటు ఆవిడదే. మా అమ్మ కనకమహాలక్ష్మికి ఇది గిట్టేది కాదు. రాజమండ్రి మనిషి కదా, గోదావరి నీళ్లు కాకపోతే అసలు అది స్నానమేనా అంటుంది. "పిల్లకు నీళ్లు పోయడం కూడా మేం మీ దగ్గర నేర్చుకోవాలా?" అని అమ్మ అంటే, "నేర్సుకుంటే మంచిదే పెద్దమ్మా" అనేది కౌసల్యమ్మ. బయట ప్రత్యేక రాష్ట్రం గొడవ జోరుగా ఉన్న రోజులు. ఆ ఉద్యమానికి మా స్నానాలగది దగ్గర ఒక శాఖ వెలిసింది.

అసలు బాధ గీతిక దగ్గు. ఆదివారం మొదలై రాత్రికి ఛాతీలో కూతలు పెట్టేది. మొదటి డాక్టరు నిమ్ము అన్నాడు, ఘాటైన మందులు రాశాడు. రెండో ఆయన ఎక్స్‌రేని ట్యూబ్‌లైటు కేసి ఎత్తి చూసి ప్రైమరీ కాంప్లెక్స్ అన్నాడు. అంటే చిన్నపిల్లల క్షయట, నెలల తరబడి మాత్రలు మింగించాం. మా అమ్మ దిష్టి అంది. కౌసల్యమ్మేమో తల సరిగ్గా ఆరక నీళ్లు దిగినయంది. అంత నమ్మకంగా అన్నాక వైద్యం కూడా ఆవిడే చేసింది, ఇంకో గుప్పెడు సాంబ్రాణి వేసి. ఇందరికి ఇన్ని తెలుసు, నాకు మాత్రం భయం తప్ప ఇంకేమీ తెలియదు. పిల్ల పడుకుంటే పక్కన కూర్చుని ఆ కూతలు వింటూ, ఇది ఉన్నట్టుండి ఆగిపోతే ఏం చెయ్యాలి అనుకునేవాణ్ణి.

చివరికి ఉప్పల్‌లో జనార్ధనరావు అనే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. మనిషి గడపలో ఉండగానే రోగం పేరు చెప్పేసే రకం ఆయన. అయినా ఛాతీ మీద స్టెతస్కోపు చాలాసేపే పెట్టి విన్నాడు.

"ఇది క్షయ గాదు, నిమ్ము గాదు. ఉబ్బసం. పంపు వాడాలె."

"మా ఇంటావంటా లేదండీ!" అని మా అమ్మ లేచి నిలబడింది.

"ఇప్పుడున్నదమ్మా. ఇంట్ల పొగ గిట్ల ఉంటదా?"

"మా ఇంట్లో ఎవరికీ సిగరెట్ అలవాటు లేదు సార్" అన్నాను గర్వంగా. నా భార్య ఆమని కూడా తల ఊపింది. సాంబ్రాణి కూడా పొగేనని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆయనకూ తట్టినట్టు లేదు, ఆయన వెనకే దేవుడి పటం ముందు అగరుబత్తులు గుత్తులుగా కాలుతున్నాయి.

నోట్లోకి మందు కొట్టే ఆ పంపు కొన్నాం. వాడితే అలవాటైపోతుందని అమ్మ దాన్ని బీరువా మీదికి ఎక్కించింది. పిల్ల చేతికి అందుతుందని ఆవిడకు భయం లేదు, మా చేతికి అందుతుందనే భయం.

ఆ జనవరిలో కౌసల్యమ్మ మేడారం జాతరకు వెళ్లింది. రెండు ఆదివారాలు రాలేదు. మా అమ్మ కొంగు బిగించి తనే తలంటింది. నిప్పులు లేవు గనక పొగా లేదు, తువ్వాలుతో తుడిచి ఎండలో కూర్చోబెట్టింది. పిల్ల దగ్గలేదు. అది తన చేతి చలవేనని అమ్మ అందరికీ చెప్పింది.

మూడో ఆదివారం కౌసల్యమ్మ నిప్పుల మూకుడుతో పాటు జాతర బెల్లం ప్రసాదం పట్టుకుని వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే అందుకుంది. "నువ్వు లేకపోతే ఏమైందమ్మా? రెండు వారాలు నేనే పోశాను. పిల్ల తుమ్మను కూడా తుమ్మలేదు."

కౌసల్యమ్మ మొహం మాడిపోయింది. కొంగు దోపుకుని నీళ్లు పోసింది. ఆ ఉక్రోషమంతా మూకుట్లో వేసి ఎన్నడూ లేనంత పొగ లేపింది. కాసేపటికి గీతిక దగ్గు మొదలుపెట్టింది. తర్వాత దగ్గడానికి కూడా ఊపిరి చాల్లేదు. మాట రాలేదు, డొక్కలెగరేస్తోంది, పెదవులు నల్లబడుతున్నాయి. నేను స్టూలెక్కి పంపు దించితే అది ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. వాడడం తెలియక సగం మందు నా కళ్లజోడు మీదే కొట్టుకున్నాను. కౌసల్యమ్మ పిల్ల డొక్కల వంక చూసింది, మూకుడు వంక చూసింది. బకెట్ ఎత్తి నీళ్లన్నీ నిప్పుల మీద కుమ్మరించి, పిల్లను భుజాన వేసుకుని ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తింది.

జనార్ధనరావు పిల్ల ముక్కుకు మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టించాడు. గీతిక డొక్కలు నెమ్మదించి, కళ్లు తెరిచి, బెల్లం ఏదని అడిగింది. ఏమైందని డాక్టరు అడిగితే, "తల ఆరలేదండీ, నీళ్లు దిగాయి" అంది అమ్మ.

"నీళ్లు గాదు సార్" అంది కౌసల్యమ్మ. "ఆ రెండు వారాలు పెద్దమ్మ గూడ నీళ్లు పోసింది, ఏం కాలె. పొగ సార్. నా పొగ."

డాక్టరు వెనక్కి తిరిగి అగరుబత్తుల వంక చూశాడు. లేచి వాటిని తనే ఆర్పాడు. కౌసల్యమ్మ ఆయన బల్ల దగ్గరికి జరిగింది.

"సార్, నాకొక కొడుకుండె. ఏడాది పిల్లగాడు. గిట్లనే డొక్కలెగరేసిండు. నిమ్మన్నరు, గాలి సోకిందన్నరు. నేను రోజూ పొగ ఏసిన. ఎక్కువెక్కువ ఏసిన. వాణ్ణి నేనే సంపుకున్ననా సార్?"

మా వీధిలో ఏ తల్లికీ ఈ సంగతి తెలియదు. గడపలోనే రోగం చెప్పే జనార్ధనరావు మెడలో స్టెతస్కోపు తీసి బల్లమీద పెట్టాడు. "నాకు తెల్వదమ్మా" అన్నాడు. "వాణ్ణి నేను చూడలె. ఊపిరితిత్తులకు చీము పట్టిందో, ఉబ్బసమో, మరేదో. చూడకుంట ఎవ్వరూ చెప్పలేరు."

కౌసల్యమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "అప్పుడు అందరూ తెలుసన్నరు సార్. తెల్వదన్నోళ్లు మీరొక్కరే" అంది. మా అమ్మ, ఆంధ్రా అమ్మ, వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది, అక్కడే ఏడ్చాను.

తర్వాతి ఆదివారం కౌసల్యమ్మ మూకుడు లేకుండా వచ్చింది. పొగ లేని స్నానం స్నానమేనా అని కొందరు ఆవిణ్ణి మానిపించారట, మానిపించుకోనీ. పంపు బీరువా మీంచి దిగి ఫ్రిజ్ మీదికి చేరింది, ఇప్పుడు అందరికీ వాడడం వచ్చు. అమ్మ తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడింది. నీళ్లు పోయడం అయ్యాక కౌసల్యమ్మ గీతిక వీపుకు చెవి ఆనించి కళ్లు మూసుకుంది. ఎంతకీ తియ్యలేదు.

"వదులు, చక్కిలిగింత!" అని మెలికలు తిరిగింది గీతిక.

"జరసేపు ఉండు బిడ్డా. ఇననియ్" అంది కౌసల్యమ్మ.