ప్రోబ్‌కు పెట్టిన బొట్టు

నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. నా భక్తి పుణ్యమా అని ఒకే పూటలో అయిదుగురు డాక్టర్లు పరీక్ష తప్పారు. అందులో నేనూ ఒకదాన్ని.

మత్తు డాక్టరుగా శిక్షణలో అది నా మొదటి ఏడాది. స్కానింగ్ తెర చూస్తూ మెడలోని పెద్ద సిరలోకి సూది పంపడం నేర్పుతున్నారు. ముందు జెల్లీతో చేసిన మెడ మీద చేసి చూపాలి. అందులో రెండు గొట్టాలు: నీలి నీళ్లది సిర, ఎర్ర నీళ్లది ధమని. ఎర్రదాన్ని పొడిచామా, గోవిందా! నెగ్గితేనే రోగి దగ్గరికి రానిస్తారు. లేదంటే ఇంకో మూడు నెలలు జెల్లీతోనే కాపురం.

పదో తరగతి దాకా ఇంట్లో అమ్మ దగ్గరే చదువుకున్నదాన్ని. పనిముట్టుకు దండం పెట్టందే పని మొదలుపెట్టను. ఆయుధపూజ నాడు, స్కానింగ్ కోసం మెడ మీద ఆనించే ప్రోబ్‌ను శుభ్రంగా తుడిచి, పక్కన తడి కుంకుమతో బొట్టు పెట్టాను. ప్రోబ్‌కు ఒక వైపు చిన్న గాటు ఉంటుంది. అది మన ఎడమవైపు ఉంటేనే తెర మీద ఎడమ ఎడమగా కనిపిస్తుంది. పాతది కదా, గాటు అరిగిపోయింది. నేను సరిగ్గా దాని మీదే బొట్టు పెట్టాననుకున్నాను. పెట్టింది ఎదుటి పక్కన! ఊరుకున్నానా? "గాటు కోసం తిప్పలు పడకుండ్రి, బొట్టు చూసుకోండ్రి" అని అందరికీ చాటింపు వేశాను కూడా.

మర్నాడు పరీక్ష. ముందు వెళ్లిన నలుగురూ మొహాలు వేలాడేసుకుని బయటికొచ్చారు. నా వంతు వచ్చింది.

"సూది, ప్రోబ్ ఒక్క గీత మీదుండాలె, వైదేహీ" అన్నారు మా మేడం.

"ఉంది మేడం."

"గీతనా అది? రాంగోపాల్‌పేట్ గల్లీ లెక్క వంకరుంది. జెర ఎడమకు."

ఎడమకు జరిపాను. తెర మీద సూది కుడికి పోయింది. ఇంకాస్త జరిపితే ఇంకాస్త పోయింది. అద్దంలో చూసుకుంటూ నా జుట్టు నేనే కత్తిరించుకుంటున్నట్టుంది.

"ఏందమ్మా, ఎడమంటే కుడికి పోతవేంది?"

"చెయ్యి ఎడమకే పోతుంది మేడం, సూదే మాట వింటలేదు!"

దేవుణ్ణి తలుచుకుని ఒక్క పోటు పొడిచాను. ఎర్ర నీళ్లు చివ్వున లేచి మేడం తెల్లకోటు మీద హోలీ ఆడాయి.

మేడం కోటు తుడుచుకోలేదు. ప్రోబ్ ఎడమ అంచును వేలితో తట్టారు. తెర మీద కుడివైపు బొమ్మ కదిలింది.

"ఈ బొట్టు ఎవరు పెట్టిన్రు?"

నోరు మూసుకుంటే బతికిపోదును. కానీ తమకు చేతకాలేదనుకుని బయట కుమిలిపోతున్న ఆ నలుగురు?

"నేనే మేడం. అదే గుర్తని అందరికి చెప్పింది సుత నేనే."

మేడం ఫక్కున నవ్వారు. "పొద్దుగాల్నుంచి పరేషాన్ అయితున్న, నాకే నేర్పుడు రాదేమోనని! పిలువు వాళ్లను, అందరికి మళ్ల పరీక్ష పెడత."

ఈసారి ముందు ప్రోబ్ అంచు తట్టి చూసుకున్నాను. సూదిని ప్రోబ్ గీతకు కలిపి, మొన కనిపించాకే ముందుకు కదిలాను. సిరంజిలోకి నీలి నీళ్లు! అంత చల్లని నీలం కృష్ణుడి పటంలో కూడా చూడలేదు. అయిదుగురమూ గట్టెక్కాం.

"ఇగ నీ పూజలు మా పేరు మీద చెయ్యి వైదేహీ, మిషన్ల మీద కాదు" అంది మాతో గట్టెక్కిన నస్రీన్.

నా పోటు తిన్నది జెల్లీ మెడే గానీ మనిషి మెడ కాదు. ఆ దయకు ఇప్పటికీ రోజూ దండం పెట్టుకుంటున్నాను. కనుక సాటి డాక్టర్ల సాక్షిగా నా ప్రతిజ్ఞ ఇది: ఇకమీదట యంత్రాలకు నమస్కారంతో సరి. బొట్టు మాత్రం నా నుదుటికే పెట్టుకుంటాను. అక్కడైతే కుడి ఎడమల గొడవ లేదు.