ఎదురు కొట్లోంచి తీసిన ఫొటో

మేడ మీద మూడో గదిలో స్టూడియో నడిపే ఆవిడని వీధంతా ఫొటోలక్క అంటారు. గది అగ్గిపెట్టెంత. స్టూలు వేసి కెమెరా నిలబెడితే మధ్యన మిగిలేది మూడడుగులు. అంత దగ్గర్నుంచి తలా భుజాలూ పట్టాలంటే వెడల్పు లెన్సే గతి. దాంతో తీస్తే ముందు ముక్కు వచ్చేది, వెనకాల మనిషి వచ్చేవాడు.

"గుర్తింపు కార్డు ఫొటోలు ఎవరికీ బాగుండవులెండి" అని సర్దిచెబుతూ పన్నెండేళ్లు నెట్టుకొచ్చింది. ఒక్క ఆడపడుచు దగ్గరే ఆ మాట చెల్లలేదు. మొదటి ఏడాదే తన ఫొటో చూసుకుని, మళ్లీ కెమెరా ముందు కూర్చుంటే ఒట్టు అనేసింది ఆ పిల్ల.

ఇప్పుడు ఆ పిల్లే కుట్టు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరయింది. గోడకి పెట్టడానికి ఫొటో తెమ్మన్నారట.

"తప్పదు వదినా. నా మొహం నీ చేతుల్లో పెడుతున్నా" అంది.

ఫొటోలక్క ఎవర్నో బతిమాలి పాత పెట్టె కెమెరా ఒకటి తెచ్చింది. ఫిల్ము అరచేయంత. లెన్సు మీద నూట యాభై మిల్లీమీటర్లని ఉంది. తన దగ్గరున్న నూట యాభై లెన్సు చిన్న కెమెరాకి తగిలిస్తే ఈ గదిలో కన్నూ ముక్కూ తప్ప పట్టవు. తీరా ఇందులో చూస్తే సగం గది కనిపిస్తోంది! ఫిల్ము పెద్దదైతే అదే నంబరు మామూలు చూపయిపోతుందని అప్పుడు తెలిసొచ్చింది. మొహం నిండుగా రావాలంటే మళ్లీ మనిషి మీదికి వెళ్లాల్సిందే. కాలరు మీద కుట్టు కుట్టూ లెక్కపెట్టేలా వచ్చింది గానీ, ముక్కు మాత్రం తగ్గలేదు.

రెండ్రోజులు బుర్ర గోక్కుంది. తప్పు లెన్సుది కాదు, తను నిలబడ్డ చోటుదని తట్టగానే తలుపులు బార్లా తీసి, చిన్న కెమెరా, దాని నూట యాభై లెన్సూ పట్టుకుని వరండా దాటి ఎదురుగా ఉన్న గడియారాల కొట్లోకి వెళ్లింది.

"బాబాయ్, కాస్త నీ బల్ల జరుపుతావా?"

"మనిషి నీ కొట్లో, కెమెరా నా కొట్లో! ఇదేం సంసారమే తల్లీ?" అంటూనే జరిపాడాయన.

పదిహేనడుగుల నుంచి తీసింది. ముక్కు తన చోటుకి పోయింది, చెవులు బుద్ధిగా పక్కన నిలబడ్డాయి.

ఆడపడుచు ఫొటోని చాలాసేపు చూసింది. "వదినా, అద్దంలో రోజూ కనిపించే మనిషే! మరి ఇన్నాళ్లూ?"

"ఇన్నాళ్లూ నీ మీద పడి తీశానే" అని నవ్వేసింది ఫొటోలక్క.

ఆ వారమే పాత వాళ్లందరికీ మళ్లీ తీస్తా రమ్మని కబురంపింది. బాబాయి బల్లని గోడవారకి జరిపేసుకున్నాడు. ఎవరైనా స్టూలు మీద కూర్చుంటే చాలు, కంటికున్న భూతద్దం పైకి నెట్టి, "గడ్డం కొంచెం దించమ్మా" అని తనే చెబుతున్నాడు.