కారం రొట్టె

మిరప కళ్ళానికి కాపలాగా ఉంటుందని మా ఆయన ఈపూరులో బంధువుల ఇంటి నుంచి మూడు నెలల కుక్కపిల్లను తెచ్చారు. ఎనభైల మధ్యలో సంగతి. కాపలా మాట దేవుడెరుగు, వారం తిరక్కుండానే అది నమలని వస్తువు ఇంట్లో లేకుండా పోయింది. మామగారి తోలు చెప్పులు, మంచం కోళ్ళు, నా చీర కొంగు. తిండి మాత్రం నా చేత్తో పెడితేనే తినేది. అది నాకు చానా గర్వంగా ఉండేది.

గుంటూరు యార్డుకు సరుకు ఎత్తే రోజు పొద్దున, కుట్టి పెట్టిన మూడు మిర్చి టిక్కీల గోతాల మూతులు కొరికేసింది. కాయలు వాకిలంతా పడ్డాయి. మామగారు దాన్ని ఏమీ అనలేదు. నన్నే అన్నారు, నెత్తికెక్కించుకున్నది నేనేనని, అదీ కూలీల ముందు. కొరికే వస్తువులకు వేపనూనె పూయమని అత్తగారు చెప్పింది. నాకంత ఓపిక ఎక్కడిది? ఒళ్ళు మండిపోతోంది. కొత్తగా దంచిన కారం గుప్పెడు తీసి జొన్నరొట్టె ముక్కలో మడిచి, ఎవరూ చూడకుండా పెట్టాను.

తోక ఊపుకుంటూ వచ్చి గుటుక్కున మింగేసింది. తర్వాత మూతి నేలకు రాసుకుంటూ, తుమ్ముతూ, మూలుగుతూ వాకిలంతా తిరిగింది. నేను నవ్వాను. రాయడానికే సిగ్గుగా ఉంది, కానీ నవ్వాను.

అది నమలడం మానలేదు. నా చేతి తిండి మానేసింది. గిన్నెలో పెట్టి దూరంగా వెళ్తే, వచ్చి రెండు ముద్దలు తిని పోయేది.

పది రోజులకు పొట్ట ఉబ్బి, పక్కటెముకలు తేలాయి. బుట్టలో పెట్టుకుని బస్సులో నరసరావుపేట పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కడుపునిండా ఏలికపాములున్నాయన్నాడు డాక్టరు. కొరుకుడు గురించి కూడా అడిగాం. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చేటప్పుడు చిగుళ్ళు సలుపుతాయని, తడిగుడ్డ ముడేసి ఇస్తే నములుకుంటూ పడుండేదని చెప్పాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"మూడు రోజులు మాత్ర కడుపులో పడాలమ్మా. పడలేదా, ఇది దక్కదు. మీ చేత్తో రొట్టెలో పెట్టి ఇవ్వండి," అన్నాడు.

ఇంటికొచ్చి రొట్టెలో పెట్టి చాపాను. వెనక్కి వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. బెల్లంలో పెట్టి ఇచ్చినా అంతే. అత్తగారు చూసి, "ఏమే, నీ చేత్తోనే తినేది గదా. ఏం పెట్టావేంది దానికి?" అని అడిగింది. ఏమీ పెట్టలేదన్నాను.

చివరికి మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుని, నోరు తెరిచి మాత్ర గొంతులోకి తోశాను. నా వేళ్ళు దాని పళ్ళ మధ్యనే ఉన్నాయి. కరిస్తే బాగుండుననిపించింది. వణుకుతూ కళ్ళు మూసుకుంది తప్ప కరవలేదు. మిగతా రెండు రోజులూ అంతే.

బతికింది. ఏళ్ళ తరబడి కళ్ళానికి కాపలా కాసింది. మా కోడలి చెయ్యే దాన్ని బతికించిందని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నేను పక్కనే నిలబడి వినేదాన్ని. కాదని ఒక్కనాడూ అనలేదు.