ఉప్పు కాపడం

ఇటలీ కొండమీది పోస్టుకు మేము చేరింది 1944 డిసెంబరులో, సాయంత్రం నాలుగింటికి. మోకాలి లోతు మంచు. మాది తెల్లదొరల పటాలంలో కంచరగాడిదల కంపెనీ. పైనున్న సిపాయిలకు గుండ్లు, రొట్టెలు మోయించేది మా పని. అరవసీమలో ఉండే మా ధర్మపురిలో నన్ను చూసి, "దేశాలు చూసొచ్చినోడు, అదృష్టవంతుడప్పా" అంటారు. ఏం చూసినాను, మన్ను!

నాతో ఉన్నది మా పక్కనే ఉండే కడత్తూరు మనిషి. ఊర్లో ఆవులు కాసినవాడు, నాకంటే ఆరేండ్లు పెద్ద. చుట్టరికం ఏమీ లేదు. అయినా నేను మామా అంటే ఆయన అల్లుడా అనేవాడు. కంపెనీలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

మనిషికి నాలుగు కంబళ్లు, రెండు జతల మేజోళ్లు. ఒక జత కాళ్లకు. తడిసిన జతను చొక్కా లోపల, కడుపుమీద పెట్టి ఆరబెట్టుకునేది. పొద్దున ఆరిన జత తొడిగితే ఉండే సుఖం నా పెండ్లినాడు కూడా లేదు, ఒట్టు. మామ దగ్గర ఇంటినుంచి తెచ్చిన చింతపండు గోలీ అంత మిగిలుండె. టీ తాగినాక గోరంత గిల్లి నా నాలుకమీద పెట్టేవాడు.

"మింగొద్దు అల్లుడా, చప్పరించు. హరూరు సంత కనబడుతుంది."

నిజంగానే కనబడేది.

నెలాఖరున వాగు దాటుతుంటే మంచుపలక పగిలి, మామ మోకాళ్లదాకా నీళ్లలో దిగబడినాడు. బంకరు చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు. బూట్లు కోసి తీసినాను. పాదాలు తెల్లగా, మైనం మాదిరి. గిల్లితే తెలియలేదు. హవల్దారు ఫోనెత్తినాడు.

"ఒకడి కాళ్లు చచ్చుబడినాయి. స్ట్రెచర్ పంపండి."

"దారి మూసుకుంది. రేపు చూస్తాం."

మామ నా చెయ్యి పట్టుకున్నాడు. "కాళ్లు పోతే ఆవుల వెనక ఎట్ల పోయేది అల్లుడా?"

మంచు మన కొండల్లో పడిందా, దాని వైద్యం నాకు తెలిసేదానికి? మా అమ్మ ఏ నొప్పికైనా ఉప్పు వేయించి, మూటగట్టి కాపడం పెట్టేది. రేషన్ ఉప్పు డబ్బాలో వేయించినాను. నా పొడి మేజోడులో పోసి ఆయన పాదాలకు ఒత్తినాను.

"కాలుతుందా మామా?"

"లేదు. సుఖంగా ఉంది. ఇంకా పెట్టు."

నవ్వినాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మూడుసార్లు వేడిచేసి పెట్టినాను. చింతపండు ఇంక మిగిలిన కడాకరి ముక్క ఇద్దరం పంచుకున్నాం. ఆ చలికాలమంతా నేను నిండుగా సంతోషపడింది ఆ మధ్యాహ్నమే.

మరునాడు పదింటికి స్ట్రెచర్ వచ్చింది. అప్పటికి పాదాలనిండా బొబ్బలు. కింద డాక్టరు చూసి, "కాల్చింది ఎవడు?" అని అరిచినాడు. స్పర్శ పోయిన కాలికి అంత వేడి పెట్టకూడదంట. పెట్టకుంటే కాలివేళ్లు తీసేదానితోనే సరిపోయేదేమో అన్నాడు. రెండు పాదాలూ తీసేసినారు.

నేను తిరిగొచ్చింది 46లో. మొరప్పూరు స్టేషన్లో దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా కడత్తూరు పోయినాను. మామ వాకిట్లో కూర్చొని ఎవరి ఆవులకో పలుపులు పేనుతున్నాడు.

"పాపిష్టోణ్ణి మామా. సుఖంగా ఉందంటివే, నమ్మితిని."

"నాకేం తెలిసింది అల్లుడా? వేడీ లేదు, చలీ లేదు. నీ మొగం చూస్తే అంత ఆశగా ఉండె. ఏం చెప్పేది?"

మామ పోయి చాలా ఏండ్లయింది. మార్గళి నెల చలికి ఇంట్లో ఎవరైనా ఉప్పు వేయిస్తే లేచి బయటికి పోతాను. ఆ చిటపట వింటే చాలు, తెల్లటి పాదాలకు అవతల మామ మొగం కనబడుతుంది. "ఇంకా పెట్టు" అని నవ్వుతుంది.