అక్కని కూడా చేర్పించమన్నారు

ఈ రోజు మధ్యాహ్నం క్రాస్ స్టిచ్ కుట్టుపని చేసేవాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో చేరాను. నాలుగు నెలల కిందట పోయిన మా అక్క సగంలో వదిలేసిన చిలకల బొమ్మ నా దగ్గరుంది. దాన్ని పూర్తి చేద్దామంటే, రెక్కకు వాడిన ఆకుపచ్చ దారం మేముండే ఖుర్సీపార్ దుకాణాల్లో ఎక్కడా దొరకలేదు. ఫోటో పెట్టి, "ఇది మా అక్క కుడుతున్న బొమ్మ. ఈ దారం నంబరు ఎవరికైనా తెలుసా?" అని అడిగాను. "కుట్టిన" అని రాయడానికి చెయ్యి రాలేదు.

గంటలోపే పదకొండు మంది ఆప్యాయంగా పలకరించారు. పుణేలో ఉండే ఒకావిడ నంబరు చెప్పి, దారం తనే పోస్టులో పంపుతానంది. "మీ అక్క పనితనం ఎంత బాగుందో! ఆవిడని కూడా చేర్పించండి" అని రాసింది.

నేను కదలకుండా కూర్చోవడం చూసి అమ్మ వచ్చింది.

"ఏటే, అలగ కూకుండిపోనావు? ఏటి రాసినారు?"

"అక్కని కూడా రమ్మంటన్నారమ్మా."

అమ్మ కాసేపు ఆ ఫోటోనే చూసింది. "దాని పని బాగుందన్నారా?"

"చాలా బాగుందన్నారు."

"అయితే ఇయాల్టికి ఏటీ సెప్పకు. అలగే ఉండనీ."

చెప్పలేదు. ఇప్పుడు ఆ పుణే ఆవిడ, దారం ఎవరి పేరు మీద పంపాలని అడుగుతోంది. మీరైతే ఏం రాస్తారు?